కొండ కింద జుట్టు పెట్టేవాణ్ణి

కొండ మీద తీసిన జుట్టును కొండ కింద పెట్టడం నా వృత్తి. బోర్డు మీద మాత్రం ఫోటో స్టూడియో అని రాసి ఉండేది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక సందులో ముప్పై ఎనిమిదేళ్ళు ఆ బోర్డు కింద కూర్చున్నాను. రెండేళ్ళ కిందట కంట్లో శుక్లాలు వచ్చాయి. ఒక పెళ్లిలో పెళ్లికొడుకును వదిలేసి తోడిపెళ్లికొడుకును గంటసేపు శ్రద్ధగా తీశాను. ఇక చాల్లే అని మా ఇంటావిడ అనకముందే షట్టరు దించేశాను.

ఈ మధ్య మా వీధిలో ముగ్గురు నలుగురు కుర్రవాళ్ళు కొత్తగా కెమెరాలు కొన్నారు. సాయంత్రాలు వచ్చి, ఏ లెన్సు మంచిది, ఏ కంపెనీ లైటు కొనాలి అని అడుగుతారు. నాకు తెలిసిన లెన్సులన్నీ ఇప్పుడు పాత ఇనుపసామాన్ల అంగట్లో దొరుకుతాయి. నా తప్పులు మాత్రం ఇంకా కొత్తగానే ఉన్నాయి. మీ చేతులతో మీరు కూడా చేయడానికి వీలుగా ఉన్నాయి. అందుకని అవి రాస్తున్నాను.

జుట్టు సంగతి

ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగుతారు. దిగాక బస్టాండులో గుర్తొస్తుంది, ఉద్యోగం దరఖాస్తుకు ఫోటో కావాలని, లేదా పెళ్లి సంబంధాలవాళ్ళు ఫోటో అడిగారని. గుండుతో ఫోటో ఎలా పంపుతారు? నా దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను గుండుకు ఫోటో తీసి, కంప్యూటరులో జుట్టు పెట్టి ఇచ్చేవాణ్ణి. నా దగ్గర మూడు రకాల క్రాపులు సిద్ధంగా ఉండేవి. ఒకటి ఆఫీసరు, ఒకటి కాలేజి, ఒకటి అల్లుడు. అల్లుడు క్రాపుకు గిరాకీ ఎక్కువ.

ఒకసారి పలమనేరు వైపు నుంచి ఒక హెడ్మాస్టరు గారు భార్యతో కలిసి వచ్చారు. పింఛను కాగితాలకు ఫోటో కావాలన్నారు. గుండు నున్నగా మెరుస్తోంది. నేను ఏమీ అడగకుండా, గౌరవం కొద్దీ ఆఫీసరు క్రాపు దట్టంగా పెట్టి ఇచ్చాను. ఆవిడ ఫోటో చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు. చివరికి కళ్ళు తుడుచుకుంటూ, "మా పెళ్లప్పుడు గూడా ఈయనకి ఇంత లేదప్పా" అంది. ఆయనకు ముప్పయ్యో ఏటే బట్టతల వచ్చిందట. కొండ మీద ఇచ్చింది చెవుల పక్కన ఉన్న కాస్తేనట. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆ ఫోటో మడవకుండా చొక్కా జేబులో పెట్టుకుని, ఇంకొకటి జుట్టు లేకుండా తీయమన్నారు. రెండూ తీసుకువెళ్ళారు.

మనిషిని అడగకుండా మనిషిని బాగుచేయకూడదని ఆ రోజే తెలియాల్సింది. తెలియలేదు. బాగా నవ్వుకుని టీ తాగాను.

మా గురువు పెన్సిలు

ఈ రోగం నాకు అంటించింది మా గురువు దొరసామి. చిత్తూరులో ఆయన స్టూడియోలో నేను పని నేర్చుకున్నాను. అప్పుడు కంప్యూటర్లు లేవు. నెగటివు మీద సన్న పెన్సిలుతో గీస్తే ప్రింటులో మచ్చలు మాయమయ్యేవి. అమ్మవారు పోసిన గుంటలు, కంటి కింద నలుపు, పై పెదవి మీద నూగు, ఆయన పెన్సిలు పెడితే అన్నీ పోయేవి. పెళ్లిచూపుల ఫోటోలకు ఆయనను మించినవాడు జిల్లాలో లేడు.

ఒకసారి అరవ దేశం నుంచి మగపెళ్లివారు నేరుగా స్టూడియోకే వచ్చారు. ఫోటోలో చూసిన పిల్ల వేరు, ఇంట్లో చూపించిన పిల్ల వేరు అని గొడవ. ఇద్దరూ ఒకటే పిల్ల. మా గురువు కుర్చీలోంచి లేవలేదు. "పిల్ల సంగతి నాకెందుకప్పా, ఫోటో బాగుండాదా ల్యాదా, అది సెప్పు" అన్నాడు. వాళ్ళు ఫోటో బాగానే ఉందని ఒప్పుకుని వెళ్ళిపోయారు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల గురించి ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. అబ్బా, ఏం మాట అన్నాడురా అని నెలరోజులు అందరికీ చెప్పుకున్నాను.

ఇప్పుడు చెబుతున్నాను, పోయినాయన మీద కోపంతో కాదు. దొరసామి పనితనంలో గొప్పవాడు, గురువుగా చెడ్డవాడు. చెయ్యి ఎలా ఆడించాలో నేర్పాడు. ఎక్కడ ఆపాలో ఆయనకే తెలియదు.

పార్కులో ఈల

మా కాలంలో నిశ్చితార్థం అయిన పిల్లా పిల్లవాడు ఒకే బస్సులో కనిపిస్తే ఊరంతా చెప్పుకునేవారు. ఇప్పుడు పెళ్లికి ముందే ఫోటోలు దిగాలి. ప్రీ వెడ్డింగ్ అంటారు. ఈ పని నాకు చేతకాలేదని ఒప్పుకోవడానికి సిగ్గులేదు. పిల్లవాడు పరుగెత్తుకుంటూ రావాలి, పిల్ల చున్నీ గాలిలో ఎగరాలి. తిరుపతిలో గాలి ఎప్పుడు వీచిందని? చున్నీ ఎగరేసి పక్కకు పరుగెత్తడానికి నాకు మోకాళ్ళు సహకరించేవి కావు. సగం ఫోటోల్లో నా చెప్పు పడేది.

మాకు అచ్చొచ్చిన చోటు కొండ కింది పార్కు. వెనక కొండ మొత్తం కనబడుతుంది, కాగితం పూల పందిళ్ళు, రాతి మెట్లు, కోసిన పచ్చిక. అక్కడ కాపలా ఉన్న పెద్దాయనకు మాత్రం జంట కనబడితే చాలు, ఈల. చెట్టు చాటున కూర్చున్న జంటకూ ఈల, కెమెరా ముందు నిలబడిన జంటకూ ఈల. అందుకని ఆ జంట నిశ్చితార్థం ఫోటో ఒకటి ఎప్పుడూ జేబులో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, ఫోటోలో ముఖాన్నీ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పోల్చి చూసి, సరే కానీండి అనేవాడు. నా వృత్తిలో నాకంటే ముఖాలు జాగ్రత్తగా చూసింది ఆయనే.

ఇక అసలు సంగతి. నేను దుకాణం మూసేయడానికి ఏడాది ముందు జరిగింది.

మూడు కత్తెర్లు

ఒక మధ్యాహ్నం ఇరవై అయిదేళ్ళ పిల్ల ఒక్కతే స్టూడియోకు వచ్చింది. తలకు గట్టిగా స్కార్ఫ్ కట్టుకుని ఉంది. పేరు నీరజ. తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. వాళ్ళ నాయనకు తిరుచానూరులో పూల అంగడి. ఆ ఆదివారం పార్కులో వాళ్ళ జంటను తీయమని ఆమె పెద్దమ్మ అప్పటికే నాకు చెప్పి ఉంది.

"సార్, మీరు జుట్టు పెడతారంట గదా" అంది.

ఎలాంటిది కావాలన్నా పెడతానమ్మా అన్నాను, కాస్త గర్వంగానే. ఆమె స్కార్ఫ్ విప్పింది. నున్నటి గుండు. "పెట్టొద్దని చెప్పేదానికి వచ్చినా" అంది.

కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. నిశ్చితార్థం అయిన నెలకే నాయనకు గుండె ఆపరేషను పడింది. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, నాయన బతికితే జుట్టిస్తానని మొక్కుకుంది. ఆయన బతికాడు. ఆడపిల్లలు మూడు కత్తెర్లు ఇస్తే చాలన్నది మా వైపు అలవాటు. మూడు చోట్ల కాస్త కాస్త కత్తిరించి హుండీలో వేస్తే మొక్కు తీరినట్టే. ఇంట్లో అందరూ అదే చెప్పారట. పెళ్లి పెట్టుకుని గుండేమిటని పెద్దమ్మ ఏడ్చిందట.

"మూడు కత్తెర్లని మొక్కుకోలా సార్ నేను" అంది నీరజ. అంతే.

పెద్దమ్మ మద్రాసు నుంచి విగ్గు తెప్పించింది. పిల్లవాడి వైపు వాళ్ళకు చెప్పకూడదని అందరిచేతా ఒట్టు వేయించింది. పిల్లవాడు హరి, గూడూరులో నిమ్మకాయల మండీ వాళ్ళబ్బాయి. మామగారి ఆపరేషను సంగతి తెలుసు, ఈ సంగతి తెలియదు. వీడియోలో మాట్లాడతానంటే డ్యూటీలో ఉన్నానని ఈమె నాలుగైదు రోజులుగా తప్పించుకుంటోంది. ఇక చాతకాదని నిశ్చయించుకుంది. పార్కులో అతని ఎదురుగానే విగ్గు తీసేస్తుంది. నేను చేయాల్సింది ఒకటే.

"నన్ను తియ్యొద్దు సార్. ఆయన ముఖం తియ్యండి. ఆ టయానికి నేను తలెత్తి సూడలేను."

"ఎందుకమ్మా, ఏమనుకున్నాడో ఆ అబ్బాయే చెబుతాడు కదా" అన్నాను.

"చెప్పేది ఆలోచించుకొని చెప్తారు. ముఖానికి ఆలోచించుకొనే టైము ఉండదు గదా."

ఆ ముఖం బాగాలేకపోతే ఏం చేస్తావని అడిగాను. పెళ్లి వద్దని చెప్పేస్తానంది. జుట్టు ఆరునెలల్లో వస్తుంది, ఆ చూపు మాత్రం జన్మంతా ఇంట్లోనే ఉంటుంది అంది. నాకు భలే ముచ్చటేసింది. ఒక్క ఫ్రేము కూడా తప్పిపోదమ్మా, నాది పూచీ అని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పాను. అలా చెయ్యి వేసుకుని చెప్పిన ప్రతిసారీ నేను ఏదో ఒకటి చెడగొట్టాను.

ఆదివారం పొద్దున

ఏడు గంటలకు పార్కులో ఉన్నాం. ఈల వినబడింది, ఫోటో చూపించాను, పెద్దాయన పోల్చి చూసి వదిలాడు. హరి సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. నీరజ విగ్గుకు జడ వేసి, నాయన పంపిన మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. నేను ఎప్పటిలాగే వెనక్కి తిరిగి చూడమనీ, పూలు వాసన చూడమనీ అరగంట పీడించాను. కాగితం పూలకు వాసన ఏముంటుందని హరి మర్యాదగా అడిగాడు.

పెద్దమ్మ పక్కనే ఉంది. ఆమె ఉండగా పని జరగదు. అందుకని వెలుతురు ముఖాల మీదికి మళ్ళించే వెండిరంగు అట్ట ఆమె చేతికి ఇచ్చి, ముఖానికి ఎదురుగా నిలువుగా పట్టుకోమన్నాను. అట్ట వెనక ఆమె పూర్తిగా మాయమైంది. నా జీవితంలో నేను తెలివిగా చేసిన పని అదొక్కటే. "ఎంతసేపు పట్టుకోవాలప్పా ఇది, చేతులు పడిపోతా ఉండాయి" అని అట్ట వెనక నుంచి గొంతు మాత్రం వస్తోంది.

నీరజ నా వైపు చూసి తల ఊపింది. నేను కెమెరా హరి ముఖానికి గురిపెట్టాను. ఆమె పిన్నులు ఒక్కొక్కటే తీసింది. మల్లెపూలతో సహా విగ్గు తీసి చేతిలో పట్టుకుంది. తల దించుకుంది. నేను బటన్ నొక్కి పట్టాను. ఫోటోలు వరసగా పడుతూ ఉన్నాయి.

తర్వాత హరి అన్నాడు. "ఎండగా ఉండాది. నెత్తికి ఏమన్నా కప్పుకో."

ఆమె చున్నీ కప్పుకుంది. ఆ మాట ప్రేమతో అన్నాడో, నలుగురూ చూస్తారని సిగ్గుతో అన్నాడో నాకు అంతుపట్టలేదు. ఆమెకూ అంతుపట్టలేదని ముఖంలోనే తెలిసింది. ఈలోగా పెద్దమ్మ అట్ట దించి చూసి, పచ్చిక మీద కూలబడింది. హరి పోయి ఆమెకు నీళ్ళు ఇచ్చాడు, తాగాక ఆమే మొక్కు సంగతి అతనికి చెప్పింది. ఆ తర్వాత ఇంకో పది ఫోటోలు దిగారు. అందులో అతను నవ్వుతూనే ఉన్నాడు, కెమెరా ముందు అందరూ నవ్వే నవ్వు.

నేను చేసిన మేలు

స్టూడియోకు వచ్చి కంప్యూటరులో చూశాను. ఆమె విగ్గు తీసిన వెంటనే పడిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి పెద్దవి చేశాను. హరి కళ్ళు పెద్దవై, నోరు తెరుచుకుని, ముఖం పాలిపోయి ఉంది. అసహ్యం అనుకున్నాను. ముప్పై ఏడేళ్ళుగా ముఖాలు చూస్తున్నవాణ్ణి కదా, నాకు తెలియదా! ఇది చూస్తే ఈ పిల్ల పెళ్లి మానేస్తుంది, గుండె ఆపరేషనైన తండ్రి ఏమైపోతాడు, దీనికంతా నేనే కారణం అవుతాను.

రెండూ తీసేశాను. కెమెరా కార్డులోంచి కూడా తుడిచేసి, మర్నాడు అదే కార్డు ఒక గృహప్రవేశానికి వాడేశాను. మూడో ఫోటోలో హరి పెదవి కాస్త వంపు తిరిగి ఉంది. అడుగున అతని చెయ్యి కదిలిపోయి అలుక్కుపోయినట్టు పడింది. ఆ భాగం కత్తిరించాను. ముఖానికి వెలుతురు పెంచి, పెదవి కొసలు రెండూ చిటికెడు పైకి లాగాను. మంచి నవ్వు తయారైంది. ఆ రాత్రి మా ఇంటావిడతో, ఈ రోజు ఒక పెళ్లి నిలబెట్టానే అని చెప్పి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

రెండు నంబర్లు

ఫోటోలు పంపిన మర్నాడు డ్యూటీ దిగి నీరజ వచ్చింది. ఈసారి స్కార్ఫ్ లేదు. నెత్తిన నల్లగా నూగు మొలిచింది. కూర్చోకుండానే అడిగింది.

"4416, 4417 యాడ సార్?"

కెమెరా ప్రతి ఫోటోకు వరసగా ఒక నంబరు ఇస్తుంది. ఆ సంగతి కస్టమరు చూడడని నా ధీమా. ఈమె ల్యాబులో పనిచేసే మనిషి. వాళ్ళ దగ్గర ఒక నంబరు తప్పితే ఒకరి రక్తం ఇంకొకరిదైపోతుంది. కెమెరా అప్పుడప్పుడూ నంబర్లు మింగేస్తుందమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు, పోట్లాడనూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది.

ఆ ఆదివారం సాయంత్రం గూడూరు చేరగానే హరి ఫోన్ చేశాడట. నిన్ను అట్లా చూడగానే భయమేసింది, నీకేదో పెద్ద రోగం వచ్చింది, నాకు చెప్పకుండా దాచారని అనుకున్నాను, కాళ్ళు చల్లబడ్డాయి అన్నాడట. మొక్కు సంగతి తర్వాత పెద్దమ్మ చెబితేగానీ ప్రాణం కుదుటపడలేదట.

"నమ్మినా సార్. ఫోటోలొచ్చినాక సూసినా. బయం యాడా ల్యా. నా గుండు సూసిన నిమిషానికే పళ్ళు బయటపెట్టి నవ్వుతా ఉండాడు. అప్పుడు నవ్వినోడైతే, బయపడినానని చెప్పింది కట్టుకథ. అట్లా కథలు చెప్పేవాడైతే, నెత్తికి కప్పుకోమన్నది ఎండకి కాదు. సిగ్గుకి." ఆగి, మళ్ళీ అంది. "రేపు పెళ్లి పత్రికలు అచ్చుకిస్తారు. చెప్పేదుంటే ఈ పొద్దే చెప్పాల."

నిజం చెప్పిన పిల్లవాణ్ణి నేను అబద్ధాలకోరును చేశాను, అదీ పెదవి కొసలు పైకి లాగి.

"అబద్ధం ఆ అబ్బాయిది కాదమ్మా, నాది" అన్నాను. తీసేసిన రెండు ఫోటోల సంగతి, లాగిన పెదవి సంగతి, గృహప్రవేశం సంగతి, అన్నీ చెప్పాను. ఎందుకు తీసేశారని అడిగింది. అసహ్యపడ్డాడనుకున్నానమ్మా అన్నాను.

"అసహ్యమా, బయమా? మీరు సూసినారు గదా సార్. ఏదో ఒకటి చెప్పండి."

పెద్దవైన కళ్ళు, తెరుచుకున్న నోరు, పాలిపోయిన ముఖం. రెండింటికీ అవే. భయమేనమ్మా అనేస్తే ఆమె సంతోషంగా వెళ్ళిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంకొక్కసారి ఆమె తరఫున నేను నిర్ణయించడానికి నాకు ధైర్యం చాలలేదు. నాకు తెలియదమ్మా అన్నాను. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న ఫోటోగ్రాఫరు నోటి నుంచి ఆ మాట రావడం చాలా అవమానంగా అనిపించింది.

ఆమె లేవబోతోంది. అప్పుడు గుర్తొచ్చింది. కత్తిరించేది ఏదైనా నేను వేరే కాపీ మీద కత్తిరిస్తాను, అసలుది కంప్యూటరులో అలాగే ఉంటుంది. మూడో ఫోటో అసలుది తెరిచి చూపించాను.

పైన హరి ముఖం, ఇంకా నవ్వు కానిది. కింద నేను కత్తిరించి పారేసిన భాగం. అతని కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది, వేళ్ళన్నీ విప్పుకుని, ఆమె భుజం దాకా వచ్చి. కదిలిపోయి పొగలాగా ఉంది. ఒక కాలు కూడా ముందుకు వేసి ఉన్నాడు.

"ముందుకొచ్చినాడు" అంది నీరజ.

అసహ్యమైతే వెనక్కి పోవాల్సినవాడు ముందుకు వచ్చాడు. ఫోకసు లేదని నేను పారేసింది అదే.

ఆమె అక్కడి నుంచే ఫోన్ చేసింది. అవతల మండీలో వేలంపాట గోల నాకు కూడా వినబడుతోంది. "ఫోటోలో మీ చెయ్యి ఉండాది" అంది. ఏం చెయ్యని అతను అడిగినట్టున్నాడు. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఫోను మాత్రం చెవి దగ్గర నుంచి తీయలేదు.

ఏడుపు ఆగాక, ఆ ఫోటో పెద్దదిగా ఒకటి వేసివ్వమంది. నా చెయ్యి దానంతటదే మౌసు మీదికి పోయింది. కాస్త వెలుతురన్నా పెంచుతానమ్మా అన్నాను. ఏమీ ముట్టుకోవద్దు సార్ అంది. ముట్టుకోకుండానే ప్రింటు తీసిచ్చాను. ఆమె దాన్ని తిప్పి చూసి, వెనక మీ స్టూడియో ముద్ర లేదే అంది.

"అంత కదిలిపోయిన దానికి నా పేరెందుకమ్మా" అన్నాను.

"వెయ్యండి సార్. మీ ఫోటోనే గదా."

వేశాను. ముద్ర వంకరగా పడింది.